తలకింత

మనామాలో వర్తక సంఘం, ఐదో అంతస్తు.
ఏసీ గాలికి కాగితాల అంచులు వణుకుతున్నాయి.
ఎడమచేత దల్లా, కుడిచేత ఫింజాన్ల దొంతర,
నేను గావా పోస్తున్నాను.

ముహర్రక్‌లో ఐసు ఫ్యాక్టరీ నడిపే ఖల్ఫాన్ లేచాడు.
"కరెంటు బిల్లు పెంచారు. పనివాడి పర్మిటూ పెంచారు.
శుక్రవారం వస్తే జనం కారెక్కి
వంతెన దాటిపోయి చవగ్గా కొనుక్కుంటున్నారు.
సముద్రం మధ్య నేను ఐసెవరికి అమ్మాలి?"

"పరిశీలనలో ఉంది"
అన్నాడు అధికారి, మెత్తగా, పెన్ను మూత పెడుతూ.

పోయినేడూ పరిశీలనలోనే ఉంది.
పోయినేడూ గావా నేనే పోశాను.

"తలకి ఎంత పడుతుంది?" వెనక వరసలోంచి ఎవరో.
కాలిక్యులేటర్లు టకటకలాడాయి.
తల అన్న మాట వినబడినప్పుడల్లా
నా మెడ కాస్త వంగింది,
జగిత్యాలలో వడ్డీ లెక్క చదువుతుంటే వంగినట్టే.

ఇక్కడ ఫింజాన్ అటూ ఇటూ ఊపితే
చాలని అర్థం.
అధికారి ఊపి, చేతి గడియారం చూసుకున్నాడు.

ఖల్ఫాన్ మాత్రం ఊపలేదు.
ఖాళీ కప్పు
కదలకుండా నా వైపు చాచే ఉంచాడు.

దల్లా వంచాను.
అడుగున మడ్డి.