దుముకురాళ్ళు

పలమనేరు దాటి కుప్పం దారిలో బస్సు దిగితే
ముందు చప్పుడొస్తుంది ఎదురుకోలుకి.
నీళ్ళు ఆ తర్వాతెప్పుడో.

ఇక్కడ చరిత్ర ఏమైనా ఉందా అని అడిగాను.
అక్కులప్ప బీడీ ఆర్పి చెవి మీద దోపుకున్నాడు.
"ఏ రాజూ రాలేదబ్బా ఈడికి.
ఏనుగులొస్తాయి, మీరొస్తారు.
ఏనుగులే నయం, సీసాలు పగలగొట్టవు."

రాళ్ళ నిండా పాచి.
చెప్పులు చేతికొచ్చాయి,
నా మోకాళ్ళ వయసు నాకు తెలిసొచ్చింది.

"మా యమ్మ పాపులమ్మ చెప్పేది.
మూడేండ్లు వాన మొగం చూడని కరువులో
ఓ రాత్రి ఈ చప్పుడు నిలిచిపోయిందంట.
ఊయల ఆగితే బిడ్డ లేచినట్టు
ఊరంతా లేచి కూర్చునిందంట.
లాంతర్లు పట్టుకోనొచ్చి చూస్తే
నీళ్ళు పడే చోట రోళ్ళు!
నున్నంగా, గుండ్రంగా, పదకొండు.
ఉలి పెట్టినోడెవుడూ లేడు.
పడీ పడీ నీళ్ళే తొలిచినాయి."

ఆడవాళ్ళు రోకళ్ళు తెచ్చుకున్నారట.
రాగులెక్కడివి?
చింతగింజలు దంచారు.
దెబ్బ దెబ్బకీ కొండ మళ్ళీ పలికింది.
ఆ పలుకుకే
పిల్లలు ఆకలితోనే నిద్రపోయారు.

వాన ఎప్పుడు పడిందని నేనడగలేదు.
అతనూ చెప్పలేదు.

ధార కిందికి వెళ్ళాను,
రోట్లో తల పెట్టినవాణ్ణి, ఇక పోట్లకు వెరచి ఏం లాభం.
చెవులు మూసుకుపోయాయి.
అరికాలికి ఏదో అంచు తగిలింది,
నున్నగా, వంపుగా.
లోపల ఎంత లోతో.

గట్టు మీంచి అక్కులప్ప కేక:
"కాలు పెట్టాకు సామీ,
అది మా యమ్మ రోలు!"