తొమ్మిది కాళ్ల దీపాలు

నాలుగు వాల్వులు,
దగ్గుమందు అట్టపెట్టెల్లో దూది పరిచి
పడుకోబెట్టి తెచ్చాడు ఉద్ధవ్ పాత్రో.
పేలెస్ వీధి మలుపులో ఆవు అడ్డొస్తే
సైకిల్ దిగి నడిచాడట.

ఒకటి రష్యాది, గాజు మీద రాకెట్టు బొమ్మ.
ఒకటి హాలెండుది, వేలు తగిలితే అక్షరాలు రాలిపోతాయి.
ఒకటి బెంగళూరుది, కాశీనగర్ సంతలో
చచ్చిన రేడియో కడుపులోంచి తీసింది.
నాలుగోదాని పేరు ఎవరో బ్లేడుతో గీకేశారు.
"దీని కథ వేరు" అన్నాడు.
కథ చెప్పలేదు.

నా ఆంప్లిఫైయరు ఒకప్పుడు ఫ్యూజుల డబ్బా.
ట్రాన్స్‌ఫార్మరు నేనే చుట్టాను, రెండు వేల మూడొందల చుట్లు,
మధ్యలో ఎవరో పిలిస్తే లెక్క తప్పి
మళ్లీ మొదటినుంచి.
హెడ్‌ఫోను ఒక్కటే. ఒకరి తరవాత ఒకరం
చెవి చెమటతో సహా పంచుకున్నాం.

పాట వద్దనుకున్నాం.
తెలిసిన పాటైతే సగం మనసే పాడేసుకుంటుంది.
చిన్నరైలు ఆఖరిసారి గుణుపురం వెళ్లిన రోజు
పర్లాకిమిడి స్టేషన్లో ఉద్ధవ్ పట్టిన టేపు, ఒక్క నిమిషం:
కూత, బోల్టు వదులైన ఓ పెట్టె,
ముంజెలమ్మే మనిషి ధర తెలుగులో చెప్పి
చిల్లర ఒడియాలో లెక్కపెట్టడం.

రష్యాది పెట్టాం.
"ఇనుము" అన్నాడు.
"గంజి ఎక్కువైన చొక్కా" అన్నాను, "మెడ దగ్గర గీరుతోంది."
చల్లారేదాకా ఒక బీడీ.
బెంగళూరుది సిమెంటు అరుగులా చల్లగా ఉంది,
ఎత్తూ లేదు పల్లమూ లేదు.
ఇంకో బీడీ.
హాలెండుదాన్లో కూత తోక పొడుగైంది,
మహేంద్రతనయ మీద సాయంత్రప్పొగ పరుచుకున్నట్టు.
ఉద్ధవ్ కళ్లు మూసుకుని ఒడియాలో ఏదో అన్నాడు.
తెలుగులో చెప్పమంటే
"ఆ మాటకి మీ దగ్గర రుచుండదు" అన్నాడు.
నేను తీగపాకం, ముదురుపాకం అంటూ పాకాల్లోకి దిగాను.
పాపం శబ్దం, సొంత మాటలు లేక
వంటింట్లో కొన్ని, చాకిరేవులో కొన్ని
అరువు తెచ్చుకుంటుంది.

"మీరు కళ్లతో వింటున్నారు" అంది మినతి.
కొట్లో మొబైళ్ల అద్దాలు మారుస్తుంది, పంతొమ్మిదేళ్లు.
ఇద్దర్నీ గోడవైపు తిప్పి కూచోబెట్టింది.
"నాలుగూ మారుస్తాను. ఏది ఎప్పుడో చెప్పను. రాసుకోండి."

రాసుకున్నాం,
పరీక్షలో పిల్లల్లా చెయ్యి అడ్డుపెట్టుకుని.
వెనక స్విచ్చు ఆగడం, పడడం.
మొదటిసారి: ఎండ.
రెండోసారి: మబ్బు, ముంజెల మనిషి దగ్గరకొచ్చింది.
మూడోసారి ఉద్ధవ్ లేచి నిలబడ్డాడు,
"ఇదే! పేరు లేనిది! పెట్టె లోపల గాలి కూడా వినబడతంది!"
నాకూ వినబడింది. కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు.
నాలుగోసారి ఇద్దరం ఒకే మాట రాశాం: దండగ.

మినతి వేలు చూపించింది. కొసన ఎర్రటి బొబ్బ.
"ఉన్నదాన్ని తియ్యబోతే కాలింది.
మరి ముట్టుకోలేదు. నాలుగుసార్లూ హాలెండుదే."

అప్పుడే కరెంటు పోయింది.
లేదు, పోలేదు.
పోతే బావుణ్ణని నేననుకున్నాను.

ఉద్ధవ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచాడు.
నేనూ చింపలేదు.
మూడోసారి ఆ గాలి వీచింది కదా.
ఎక్కణ్ణుంచో వాల్వుకి తెలీదు, అంతే.

వేలు మంచినీళ్ల గ్లాసులో ముంచి
రెండో చేత్తో హెడ్‌ఫోను తగిలించుకుంది మినతి.
"రైలు సరే. అడుగున ఆ జుమ్మనేదేటి?
టేపు ఆపినా ఆగట్లేదు."
"ఏ జుమ్మనేది?" అన్నాం ఇద్దరం, రెండు భాషల్లో.
నా రెండు వేల మూడొందల చుట్లూ
గిర్రున తలలో విప్పుకున్నాయి.
ఎన్నేళ్లుగా అంటోందో అది,
మా చెవులు ఎప్పుడు మానేశాయో.

స్విచ్చు కట్టేశాం.
చల్లారే గాజు టిక్కుమంది, కాసేపటికి మళ్లీ టిక్కుమంది.
హెడ్‌ఫోను బల్ల మీదే ఉంది, ముగ్గురం విన్నాం.

ఆదివారం ట్రాన్స్‌ఫార్మరు విప్పాలి.
పేరు గీకేసిన వాల్వు ఇంకా
దగ్గుమందు పెట్టెలోనే ఉంది.