సుట్టబట్ట

డ్రాయింగ్ సార్ స్మారకం చేయమన్నడు,
ఎవరికోసమన్నది మా ఇష్టం.
ఆ వారం కోస్గి హాస్టల్ల ఉన్న అట్టపెట్టెలన్నీ మాయం,
వాచ్‌మెన్ చెప్పుల డబ్బతో సహా.

పర్వీన్ బట్టల సబ్బు చెక్కింది:
పొద్దుగాల నాలుగింటికి బొంబాయి పోయే బస్సు,
కిటికీలల్ల చేతులే, ఊపుతున్న చేతులు.
ముఖాలేవి అంటే
చీకటుంటది గద, అన్నది.
వానొస్తే నురుగొస్తదని మేం నవ్వినం.
ఆమె నవ్వలే.

చెన్నకేశవులు అట్టకు ఒక బొక్క పొడిచి తెచ్చిండు. అంతే.
"ఇదేంద్రా?"
"బోరు, సార్. మా నాయినది. ఆరు వందల ఇరవై ఫీట్లు.
స్మారకమంటే పైకే లేవాల్నా?
కిందికి పోతే లెక్కల రాదా?"
సార్ నెత్తి గోక్కున్నడు.
మేమంతా ఒకరెనుక ఒకరం
ఆ బొక్కలకు తొంగి చూసినం.
అడుగున, బల్ల మీద, ఎవడో ఎన్నడో
బ్లేడుతోని గీకిన సగం పేరు.

నాది తట్ట.
ఇనుప తట్ట, ఇల్లంత పెద్దది, బోర్లించింది.
ఒక దిక్కు అంచు జరంత లేపిన,
ఎవరైనా వంగే లోపలికి పోవాలె, కలెక్టరైనా.
లోపల నీడ, ఒక కుండ, చాప.
పేర్లు రాయలే.
ఎన్ని డ్యాములు, ఎన్ని అంతస్తులు,
ఏ మేస్త్రి దగ్గరుంది ఆ చిట్టా?
మైదా వంటామె ఇచ్చింది,
పాత పేపర్లు నానబెట్టి అతికిచ్చి, ఎండినంక సిల్వర్ రంగేసిన.
పదికి తొమ్మిది.

ఆదివారం పూణె నుంచి అమ్మ ఫోను,
వెనుక మిక్సరు తిరుగుతున్న చప్పుడు.
మేస్త్రి ఫోన్‌కు ఫొటో పంపిన.
కొలతలు గూడ చెప్పిన.
చానాసేపు చూసినట్టుంది.

"మంచిగుంది బిడ్డా.
సుట్టబట్ట ఏది?"

తట్ట చేసిన గానీ
తట్టకూ నెత్తికీ నడుమ ఏముంటదో యాది మరిచిన.
పనికాడ నేను పండుకుంటే
నా ముఖం మీద ఎండకు కప్పింది ఆ బట్టనే.
సిమెంటు వాసన, కొంచెం కొబ్బరినూనె.

సోమవారం కర్చీపు చింపి గుండ్రంగ చుట్టిన.
ఎక్కడ పెట్టాల్నో సమజ్ కాలే.
తట్ట బోర్లున్నది,
నెత్తి ఉండాల్సిన కాడ ఖాళీ, పైన ఫ్యాను.
"ఆడనే పెట్టు" అన్నడు చెన్నకేశవులు.

పెట్టిన.
గాలికి రెండుసార్లు ఎగిరి పడ్డది.
మూడోసారి పర్వీన్ లేచొచ్చి
ఏం మాట్లాడకుండ
బరువుకు దాని మీద తన బస్సు పెట్టింది.