బరువు

చాప పట్టినోణ్ణి కాదు నేను,
చుక్కాని తిప్పినోణ్ణి అసలే కాదు.
ఆ పొద్దు పడవలో నా ఉద్యోగం బరువు.

ఎల్లాజీ నన్ను ఎగాదిగా చూసి
"ఎంతుంటావ్ మద్దిలేటీ?" అన్నాడు.
"కాటా ఎక్కింది శనక్కాయల మూటతోనప్పా,
కలిపి నూటపది" అన్నా.
"మూట దింపేసి రా" అన్నాడు.

కార్తీకం రెండో వారం, సంగమేశ్వరం రేవు.
కృష్ణమ్మ గొంతుదాకా నిండి ఉంది.
నల్లమల మీదినుంచి గాలి
దొడ్డి తడిక తీసిన గొర్ల మాదిరి
ఒకదాన్నొకటి తొక్కుకుంటా దిగొస్తాంది.
సముద్రం వదిలి వలసొచ్చిన ఎల్లాజీ
దాన్ని ఈదర అంటాడు.
మేం తూర్పుగాలి అంటాం.
ఏ పేరుతో పిలిచినా
చెవి తమ్మెలే కొరుకుతాది.

ఆరు పడవలు. అన్నిటికీ యూరియా సంచుల చాపలే.
మా చాప మీది ఎద్దు బొమ్మను
ఎల్లాజీ పెండ్లాం తలకిందులుగా కుట్టేసింది,
నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి.
గాలి నిండేసరికి దానికి పొట్టొచ్చింది.

ఐసు బండి హారన్ కొడితే పందెం మొదలు.
నీళ్ళ నడుమ మిగిలిన మిట్టను,
మిట్ట మీది తుమ్మచెట్టును చుట్టి రావల్ల.
ముందొచ్చినోడికి కొత్త వల.
రెండోవాడికి ఐసు దిమ్మె.
మిగిలినోళ్ళకు ఇంటికాడ తిట్లు.

"ఎనక్కి! ఇంకా ఎనక్కి వాలు!"
పాదాలు అడ్డపట్టె కింద దూర్చి
పిర్రలు పడవంచున ఆనించి
నడుము పైనుండే మనిషినంతా
నీళ్ళ మీద ఆరేసినా.
ఈత రాదు నాకు.
ఎల్లాజీ అడగలేదు, నేను చెప్పలేదు.
తాడు అరచేతుల్ని కోస్తాంది.
తుంపర పోపులో ఆవాల మాదిరి
ఎగిరెగిరి మొగానికి తగుల్తాంది,
సల్లటి ఆవాలు.

అప్పుడు చూసినా.
దూరంగా నీళ్ళ మీద
నల్లటి గీర ఒకటి పరిగెత్తి వస్తాంది.
ఎల్లాజీ కండ్లు చాప మీదున్నాయి.
ఆ గీర నాకు తెలుసు.
నీళ్ళ మీద కాదు, కళ్ళంలో తెలుసు.
మా నాయన ఎత్తుపీట ఎక్కి
చేట నిండా జొన్నలు పట్టుకోని
గాలిని మెడతో చూసేవాడు.
వస్తాంది... వస్తాంది... ఇదో!
పొట్టు ఎగిరిపోయేది,
గింజ ఆయన కాళ్ళకాడే రాలేది.
తూర్పారబట్టేదని ఊరికే అన్నారా.

"వస్తాంది!" అని అరిచి
తగలకముందే వాలినా.
పక్క పడవలు రెండు పొట్టు మాదిరి ఒరిగినాయి.
మాది గింజ.
ఊగింది, నిలబడింది, ఉరికింది.
తలకిందుల ఎద్దు అట్లా ఉరుకుతాదని
ఎరువులు అమ్మినోడికి కూడా తెలిసుండదు.
ఎల్లాజీ ఏదో పాడతాండాడు,
గాలి ఒక్క ముక్కా నాదాకా రానీలే.

మిట్ట దాటి తిరిగేకాడ
గాలి చటుక్కున తెగింది.
పడవ నా పక్కకే పడింది,
వీపు భుజాల దాకా నీళ్ళలోకి.
రెప్పపాటే.
అంతలోనే లెక్క అందింది నాకు:
తుమ్మచెట్టుకు పడమర, నాలుగు తాళ్ళ దూరం.
మూడెకరాల డెబ్బై సెంట్లు.
డ్యాము నిండిన ఏడు నాకు తొమ్మిదేండ్లు.
పంట కోసినాంక మునుగుతాదిలే అన్నారు,
కోయకముందే మునిగింది.

ఆ రెప్పపాటులోనే నూకరాజు పడవ
మమ్మల్ని చెయ్యంత దూరంతో దాటిపాయ.
రేవులో ఎల్లాజీ నన్ను
తన ఊరి తిట్లన్నీ వరసగా తిట్టి
చివర్న బీడీ ఇచ్చినాడు.
ఇద్దరి చేతులూ వణికి
ఏడో పుల్లకు అంటుకుంది.

ఐసు దిమ్మెను గోనెలో చుట్టి నెత్తినెత్తుకోని
పొద్దుగూకి ఇల్లు చేరినా.
"సలికాలంలో ఐసు తెచ్చే మొగోణ్ణి
నిన్నే చూసినా" అంది ఉసేనమ్మ.
బక్కెట్లో దింపి, నన్ను తిప్పి చూసి,
"వీపెందుకు తడిసింది?" అంది.
"మన చేను తగిలింది" అన్నా.

కాసేపు పొయ్యి వైపు చూసింది.
"ఏ పక్క?" అంది.

"బాయి పక్క."