ఎనిమిది థర్మామీటర్లు

పాత పేపర్ల చుట్టి, పైన తువ్వాల కప్పి
ఎనిమిది థర్మామీటర్లు ఒళ్ళో పెట్టుకున్న.
మస్కట్ల బస్సు కదిలినప్పటిసంది
స్పీడ్ బ్రేకరొస్తే చాలు
పిల్లల కంటె ముందు నేనే ఎగురుత,
డబ్బా ఎగరొద్దని.

నేను బడిల ల్యాబ్ అటెండర్ని.
లింబాద్రి అంటే నోరు తిరగదని
తొమ్మిదో తరగతి నలభై ఒక్కమంది
లింబు అంకుల్ అంటరు,
షర్బత్ తాగినట్టు నవ్వుకుంట.

రుస్తాక్ దగ్గర్కొస్తాంటే గుట్టలు లేసి నిలబడ్డయి.
గడ్డిపోస లేదు. కాలిన పెంక రంగు.
లీనా మేడం మైకందుకుని చెప్పింది:
ఆ గుట్టల మీద ఎన్నడో పడ్డ వాన
పగుళ్ళల్లకెళ్ళి లోపటికి, ఇంకా లోపటికి దిగి
అక్కడి వేడికి కాగి
తొవ్వ దొరికిన కాడ పైకొస్తదంట.
"ఎన్నేండ్లు పడ్తది మేడం?"
"ఈ నీళ్ళ వయసు నాకు తెల్వదు" అన్నది.
తెల్వదని చెప్పే మేడమంటే నాకు మర్యాద.

వెనక సీట్లకెళ్ళి తనుష్ లేచిండు:
"జూన్ నెలల మా ఇంట్ల
చల్లనీళ్ళ నల్లా తిప్పినా ఉడుకునీళ్ళే.
డాడీ గీజర్ బంద్ జేసి
అండ్ల నీళ్ళు చల్లారినంక తానం జేస్తడు.
మరి మా బిల్డింగు గూడ జియోథర్మలేనా?"
బస్సంతా పకపక.
మేడం గూడ కిటికీ దిక్కు తిరిగి నవ్వింది.
నేను నవ్వలే.
మా రూముల ఆర్గురం, మేమూ గట్లనే చేస్తం.

ఐన్ అల్ కస్ఫా.
ఇంత దూరమొచ్చి చూస్తే గింత నీళ్ళు!
అడుగున చిన్న చిన్న బుడగలు,
ఎవరో కింద కూసొని ఊపిరి ఇడుస్తున్నట్టు.
గుమ్మి దాటిన నీళ్ళు కాలువల పడి
మెల్లగ చల్లబడుకుంట
ఖర్జూర చెట్ల దిక్కు పోతున్నయి.

పిల్లల చేతుల్ల కాయితాలు: రంగు, వాసన, వేడి.
సుకీర్తి ముక్కు మూసుకుని నన్నడిగింది,
వాసన గడిల ఏం రాయాలె అంకుల్?
దీపావళి తెల్లారి వాకిలి ఊడుస్తాంటే వచ్చే వాసన, అన్న.
మస్కట్ల పుట్టిన పిల్ల.
కొంచెం సేపు ఆలోచించి
"లింబు అంకుల్ వాకిలి వాసన" అని రాసుకున్నది.

అందరు టిఫిన్ డబ్బాలు ఇప్పినంక
బూట్లు ఇడిసి కాలువల కాళ్ళు పెట్టిన.
సుర్రుమన్నది.
ఈ దేశమొచ్చిన కొత్తల మూడేండ్లు సెంట్రింగు పని,
మడిమల పగుళ్ళల్ల ఆ సిమెంటు ఇంకా ఉన్నదేమో.
పక్కన ఖల్ఫాన్ అని ఒక ముసలాయన
మోకాళ్ళు రుద్దుకుంటుండు.
నా మడిమ చూసిండు, తన మోకాలు చూపెట్టిండు,
అరబ్బీల ఏదో పొడుగ్గ చెప్పిండు.
నాకొచ్చిన అరబ్బీ రెండు ముక్కలు,
మేస్త్రీ నేర్పింది: షువై షువై.
మెల్లగ, జర మెల్లగ.
అదే అన్న. ఆయన తల ఊపిండు.
ఇద్దరం మళ్ళ నీళ్ళ దిక్కు చూసినం.

బస్సెక్కేటప్పుడు లెక్క పెడితే ఏడే ఉన్నయి.
గుండె జారింది.
ఎనిమిదోది తనుష్ పిడికిట్ల ఉన్నది, నీళ్ళల్ల ముంచనే లేదు.
"నాది ఎంతుందో చూస్తున్న అంకుల్."
ముప్పై అయిదు.

ఆదివారం ల్యాబుల రిజిస్టరు ముందటేసుకున్న.
నలభై నాలుగు. నలభై అయిదు. నలభై అయిదు.
నలభై నాలుగున్నర, మళ్ళ నలభై అయిదు...
అన్నిటి కింద ముప్పై అయిదు,
మీద మేడం పెన్సిల్ గీత.
రబ్బరు తీసుకుని
గీత ఒక్కటే చెరిపిన, అంకె ఉంచిన.
పక్కన కారణం అని ఒక గడి ఉన్నది.
ఏం రాయాల్నో తోచక
షువై షువై అని తెలుగుల రాసి,
ఎవరన్న చూస్తరని
దాన్ని గూడ చెరిపిన.

డబ్బాల పేపర్లకు ఇంకా ఆ వాసన ఉన్నది.
మూత పెట్టబుద్ధి కాలే.