తిరగేసి లెక్కించాల్సినవి

డండీలో నవంబరు. మూడున్నరకే దీపాలు.
టే నది మీద రైలు వంతెన
సగం దాకా కనిపించి
ఆ తర్వాత లేదు.

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే
చెప్పడానికి కాస్త సిగ్గు.
మనుషులు తమ మీద తాము ఎంత దయగా ఉన్నారో
కొలుస్తాను.
ఇరవై వాక్యాలు, ఒక్కోదానికి ఐదు గడులు,
'అస్సలు లేదు' నుంచి 'ఎప్పుడూ' దాకా.
జబ్బుకి పేరున్నవాళ్లది నీలం ఫైలు,
లేనివాళ్లది పసుపుపచ్చ.
గది ఒక్కటే. బిస్కెట్ల డబ్బా కూడా ఒక్కటే.

మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో కాటా దగ్గర ఉండేవాడు.
బేలు ఎక్కించకముందు
ముల్లు సున్నా మీదుందో లేదో చూడు,
తర్వాతే బరువు సంగతి అనేవాడు.
ఈ ఊరు కూడా ఒకప్పుడు జనపనార మీదే బతికిందట.

ఇష్‌బెల్ మకీ, అరవై రెండేళ్లు, నీలం ఫైలు.
ముప్పై ఏళ్లుగా ఆమె చెవిలో ఒక గొంతు.
ఏడో వాక్యం దగ్గర పెన్ను ఆగింది:
'తప్పు చేసినప్పుడు నన్ను నేను తిట్టుకుంటాను.'
"నేనా, వాడా?" అని అడిగింది.
నాకిచ్చిన సూచనల్లో దీనికి జవాబు లేదు.
"వాడు తిడతాడు. పాపం, వాడికి వేరే పని రాదు.
నేను లేచి టీ పెట్టుకుంటాను" అంటూ
రెండు గడుల మధ్య గీత మీద టిక్కు పెట్టింది.
గీత మీద పెడితే కంప్యూటరు తీసుకోదని
చెప్పలేకపోయాను.

డగ్లస్ రెనీ, సిటీ బస్సు డ్రైవరు, పసుపు ఫైలు.
జబ్బు లేదు, మాత్ర లేదు,
నాలుగు నిమిషాల్లో నింపేశాడు.
దయ ఉన్నచోటల్లా ఒకటి, తిట్టు ఉన్నచోటల్లా ఐదు.
కోటు తొడుక్కుంటూ, నా వైపు చూడకుండా
"దయా? మా ఇంట్లో అది కుక్కకి" అన్నాడు.

ఈ రాత్రి తెలిసింది.
పది వాక్యాల్ని తిరగేసి లెక్కించాలి,
తిట్టుకి ఐదంటే దయకి ఒకటని.
నేను తిరగెయ్యలేదు.
ఎనభై మూడు మంది.
నా పట్టికలో డగ్లస్ మూడు దగ్గర, నడిమధ్యన
నిమ్మళంగా కూర్చున్నాడు.
తిరగేస్తే అట్టడుక్కి దిగిపోయాడు.

అప్పుడు నన్ను నేను అనుకున్నవి ఇక్కడ రాయను.
తెలుగులోనే అనుకున్నాను.
గాడిద దగ్గర మొదలైతే
నోటికి ఎక్కడా తడుముకునే పని లేదు.
ఊరుకోబెట్టే మాట మాత్రం
ఒక్కటీ ముందుకు రాలేదు.
'ఆత్మకరుణ' అని తర్జుమా చేశారెవరో.
రాతి మీద చెక్కడానికి బాగుంటుంది,
రాత్రి పదకొండింటికి పనికిరాదు.
'నా మీద నాకే జాలి' అంటే అది ఇంకో జబ్బు.

ఎదుటివాళ్లకైతే ఉంది.
గ్లాసు పగలగొట్టిన పిల్లాడికి,
చిల్లర తక్కువిచ్చిన కొట్టువాడికి,
కాలు తొక్కి చూడకుండా పోయినవాడికి కూడా
పోనీలే అంటాం.
అదే మనకి మనం అనుకోబోతే
పరీక్షలో కాపీ కొడుతున్నట్టుంటుంది.

సరిచూడ్డానికని మొట్టమొదట నింపింది నేనే.
ఏ ఫైలని అడిగితే పసుపు అన్నాను,
ఆలోచించకుండా.
ఆ కాగితం వెతికి తీసి, తిరగేసి కూడాను.
డగ్లస్ కంటే రెండు ఎక్కువ.
ముల్లు సున్నా మీద లేదు, నాన్నా.

రేపు పొద్దున్నే చెప్పాలి.
ఎనభై మూడూ మళ్లీ ఎక్కించాలి.
కట్ట విప్పితే పైనే ఇష్‌బెల్.
గీత మీద టిక్కు. టీ మరక.
మరక పక్కన, ఆవేళ నేను చూడని
చీమంత అక్షరాలు:
'ప్రశ్నలడిగే అమ్మాయి ఒక్క బిస్కెట్టూ తినలేదు.'

లైటు ఆర్పి, మెట్ల దాకా వెళ్లి
వెనక్కి వచ్చాను.
డబ్బాలో మిగిలింది ఒకటి, అదీ విరిగింది.
ఏ పట్టికలోకీ ఎక్కదు,
కూరలమ్మి తూచేశాక
పైన పడేసే కొసరులా.
చీకట్లో నిలబడే తిన్నాను.