తీసివేత

మొదట పెన్సిలుతోనే వేస్తాను.
కంప్యూటరు చెప్పేది తర్వాత.
పద్దెనిమిదేళ్లుగా ఈ జైలు రికార్డుల గదిలో
నా చేతిలెక్క ఒక్క రోజూ తప్పలేదు.

ఇవాళ్టి ఫైలు లెమ్యూల్ ప్రూయిట్‌ది.
పన్నెండేళ్ల శిక్ష.
ఏడు లోపల గడిపి పెరోల్ మీద వెళ్లినవాడు
టెక్సస్ దాటి ఓక్లహోమాలోకి పదకొండు మైళ్లు పోయాడు,
పాత ఇనుము కొట్లో రేడియేటర్ కోసం.
ట్రక్కు లేకపోతే పని లేదు,
పని లేకపోతే పెరోల్ ఎక్కడిది, అన్నాడట విచారణలో.
నిజమే.
ఆ నిజానికి ఈ ఫారంలో గడి లేదు.

బయట ఉన్న రోజులు ఆరువందల పదకొండు.
మిగిలిన అయిదేళ్లలో సగం దాటి ఉంటే నిలిచేవి.
సగానికి మూడువందల రెండు తక్కువ.
కనుక హళ్లికి హళ్లి, సున్నకి సున్న.

ఆ సున్నలో
మూడు పళ్లు పీకించుకున్నాడు.
టైర్ల షాపులో జీతం రెండుసార్లు పెరిగింది,
రెండుసార్లూ పన్ను పెరిగింది, అది వెనక్కి రాదు.
ఎవరిదో కుంటికుక్క వచ్చి అతని మెట్ల మీద
పడుకోవడం అలవాటు చేసుకుంది.
నెలనెలా అధికారి చూస్తుండగా
సీసాలో మూత్రం పోసి ఇచ్చాడు, ఇరవైసార్లు,
ఇరవైసార్లూ శుభ్రం.
కాలం ఒంటికి ఎక్కింది,
ఖాతాకి ఎక్కలేదు.

ఇక సత్ప్రవర్తన రోజులు.
తెల్లవారుజామున మూడింటికి లేచి
జైలు వంటశాలలో పిండి పిసికి పిసికి
కూడబెట్టినవి. నాలుగువందల ముప్పై ఎనిమిది.
వాటికి ఒక్క అడ్డగీత చాలు.
స్కేలు పెట్టి గీశాను, వంకర పోకూడదని.

చిన్నప్పుడు మిస్ హ్లావాచెక్ చెప్పేది,
తీసివేతలో చాలకపోతే పక్క అంకెని అప్పడుగు,
ఇస్తుంది, అని.
ఇక్కడ పక్కన ఎవరున్నారని?

మధ్యాహ్నం కిటికీ దగ్గరికి పిలిచి
కొత్త తేదీ ఉన్న కాగితం చూపించాను.
అరుస్తాడనుకున్నాను. కొందరు అరుస్తారు.
వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ కాసేపు నిలబడి
‘మైలుకి తొంభై అయిదు రోజులు పడింది మేడమ్,
ఇంకా నాలుగు మిగులుతున్నాయి.
అవి తిరుగు ప్రయాణానికి కాబోలు’ అని
సంతకం పెట్టాడు.

అతను వెళ్లాక
పాత కవరు వెనక వేసి చూశాను.
నాలుగే.

ఇంటికి పోతూ సగం దారిలో గుర్తొచ్చింది,
ఆ రేడియేటర్ దొరికిందో లేదో
అడగనేలేదు.